చెంచాడు తోడు

ముందే ఒక సంగతి ఒప్పేసుకుంటాను. నాకు ఆకలి వెయ్యదు.

గొప్పకి చెప్పడం లేదు. ఇది డైటింగూ కాదు, ఉపవాసమూ కాదు. పెళ్ళి భోజనాల దగ్గర ఈ మాట అంటే నా ఈడు అమ్మాయిలు "అబ్బ, ఎంత అదృష్టమో" అని నా నడుము వైపు చూస్తారు. అందుకే చెప్పడం మానేశాను. నా ఫోన్‌లో పూటపూటకీ అలారం మోగుతుంది. మోగితే తింటాను. చార్జింగ్ అయిపోయి మోగకపోతే తినను. తినలేదన్న సంగతి కూడా తెలియదు. సాయంత్రానికి చేతులు వణుకుతుంటే అప్పుడు, ఓహో, ఛార్జర్ మర్చిపోయినట్టున్నాను అనుకుంటాను. బయోటెక్నాలజీలో ఎంటెక్ చేసినదాన్ని. కడుపులో ఏం జరుగుతుందో బొమ్మ గీసి చూపించగలను. లోపలి నుంచి మాత్రం నాకు ఏ కబురూ రాదు.

మా వీధిలో ఇలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు. అదెలా వచ్చిందో చెప్పాలంటే మా కాలేజీ దగ్గర మొదలుపెట్టాలి.

కాలేజీ గుంటూరు దాటాక పొలాల మధ్య ఉంటుంది. నేను ఎంటెక్‌లో చేరిన ఏడాది, ఫ్రెషర్స్ డే రిహార్సల్లో మెకానికల్ కుర్రాడొకడు స్టేజీ మీద డాన్స్ చేస్తూ చేస్తూ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అదీ స్టెప్పే అనుకుని అందరూ ఈలలు వేశారు. మా ప్రొఫెసర్ వకుళ మేడం ఒక్కరే చెప్పులు వదిలేసి స్టేజీ మీదికి పరిగెత్తారు. అంబులెన్స్ వచ్చేదాకా వాడి గుండె మీద రెండు చేతులతో అదుముతూనే ఉన్నారు. వాడికి ఇరవై ఏళ్ళు. బతకలేదు.

తర్వాత హాస్టల్ పిల్లలందరికీ రక్తపరీక్షలు చేయించారు. ఆ రిపోర్టులు చూసి డాక్టరుగారు, "ఇవి పిల్లలవా, వాళ్ళ నాన్నలవా?" అని అడిగారు. అడగరూ మరి! పొద్దున మెస్‌లో పూరీ, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం గేటు ఎదురుగా బండి మీద నూడుల్స్, మిగతా సమయమంతా కుర్చీలో ల్యాప్‌టాప్ ముందు. నడక అంటే మంచం నుంచి చార్జింగ్ ప్లగ్గు దాకా.

కాలేజీవాళ్ళు ఊరుకోలేదు. "పండ్లు తినండి, నడవండి, గుండెను కాపాడుకోండి" అని పోస్టరు వేయించి, క్యాంటీన్‌లో సమోసాల పళ్ళెం వెనక గోడకి అంటించారు. పోస్టరుకి నూనె మరకలు పడ్డాయి గానీ ఎవరి నడుమూ తగ్గలేదు.

వకుళ మేడం ఆ పోస్టరు ముందు నిలబడి, "నీతులు చెప్పి లాభం లేదు ఇందుజా. ఆకలితోనే మాట్లాడాలి," అన్నారు.

రెండేళ్ళు పట్టింది. నా ఎంటెక్ అయిపోయినా ఆ ల్యాబ్‌లోనే ఉండిపోయాను. ఒకరోజు మేడం ల్యాబ్‌లోకి నన్నూ, మిగతా పిల్లల్నీ పిలిచి బయటినుంచి వేడివేడి మిరపకాయ బజ్జీలు తెప్పించారు. మేడంకి బజ్జీలంటే ప్రాణం. పొట్లం ఖాళీ అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడరు. ఆరోజు ముందు ఒక కప్పు పెరుగు తిన్నారు. ఆ తర్వాత ఒక బజ్జీ తిన్నారు. రెండోది సగం కొరికి, పొట్లం మా వైపు తోశారు.

"చాలు," అన్నారు. అని, ఆవిడే ఆశ్చర్యపోయి నవ్వారు.

ఆ పేరే పెట్టుకున్నాం. చాలు. పెరుగులో ఉండే సూక్ష్మజీవినే మేడం కొంచెం మార్చారు. అన్నం లోపలికి వెళ్ళాక పేగులు మెదడుకి "ఇక చాలు" అని కబురు పంపుతాయి కదా, ఇది ఆ కబురుని కాస్త ముందుగా, కాస్త గట్టిగా పంపిస్తుంది. అంతే. పెరుగు తినడం మానేస్తే వారంలో ఒంట్లోంచి పోతుంది. ఏ పెరుగులో ఉందో గుర్తుపట్టడానికి ఒక ఏర్పాటు కూడా చేశాం: నీలిరంగు టార్చి వేస్తే ఆకుపచ్చగా వెలుగుతుంది.

ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాం. ఎవరైనా ఈ పెరుగునే తోడుగా వేసి మళ్ళీ పెరుగు చేస్తే, అలా చేసినకొద్దీ దాని బలం తగ్గిపోయేలా చేశారు మేడం. కొన్నిసార్లు తోడు మారేసరికి మామూలు పెరుగైపోతుంది. బలం తగ్గినదానికి గుర్తేమిటంటే, పెరుగు పలచగా తోడుకుంటుంది. బలంగా ఉన్నది రాయిలా గడ్డకడుతుంది. ల్యాబ్‌లో పలచటి పెరుగు చూసినప్పుడల్లా మేం సంతోషించేవాళ్ళం. జాగ్రత్త పనిచేస్తోందని.

అనుమతులన్నీ వచ్చాయి. బరువూ కొలెస్ట్రాలూ ఎక్కువున్న పిల్లల్లో ఇష్టపడ్డవాళ్ళకి మెస్‌లో వేరే కౌంటరు పెట్టాం. మొదట పేరిచ్చినవాడు మా తమ్ముడు వినీల్.

* * *

వినీల్ అదే కాలేజీలో కంప్యూటర్స్ మొదటి సంవత్సరం. అప్పుడు వాడు క్వింటాలు దాటి ఉన్నాడు. "బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీనే అక్కా, వీఐపీ ట్రీట్‌మెంటు," అని వాడి మీద వాడే జోకులేసుకునేవాడు. ఎదుటివాళ్ళు వేసేలోపు తనే వేసెయ్యాలని వాడి పట్టుదల.

మా నాన్న తెనాలిలో ఎరువుల కొట్టులో గుమాస్తా. నలభై మూడేళ్ళకి ఒక మధ్యాహ్నం కొట్లోనే గుండె ఆగిపోయింది. మా నాన్న సన్నగానే ఉండేవాడు. ఆయన రక్తంలోనే కొవ్వు అలా పేరుకుంటుందనీ, పిల్లలకీ రావచ్చనీ డాక్టర్లు చెప్పారు. నాకు రాలేదు. వినీల్‌కి వచ్చింది. పైగా వాడు సన్నగా కూడా లేడు.

అమ్మ జాకెట్లు కుట్టి మమ్మల్ని చదివించింది. వినీల్ మేడమెట్లెక్కుతూ ఆయాసపడితే కింద కుట్టుమిషను చప్పుడు ఆగిపోయేది. వాడి అడుగులు మళ్ళీ వినపడ్డాక మొదలయ్యేది. నాన్న వయసుని వీడు దాటాలి. మా అమ్మ దేవుణ్ణి అడిగేది అదొక్కటే. నా పెళ్ళి గురించి కూడా అడిగేది కాదు. ఆ విషయంలో దేవుడికి నేను రుణపడి ఉన్నాను.

చాలు పనిచేసింది. మెస్‌లో ఒక ఆదివారం నేను వినీల్ ఎదురుగా కూర్చున్నాను. వాడు బిర్యానీ సగం తిని చెయ్యి తీసేశాడు.

"ఏందిరా, జ్వరమా?"

"కాదక్కా. ఏందో... అయిపోయింది." పళ్ళేన్ని అనుమానంగా చూశాడు. "ముక్క కూడా మిగిలిపోయింది చూడు. నా జీవితంలో మొదటిసారి ముక్క మిగిలింది. ఫొటో తియ్యి."

తీశాను. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది. పక్క బల్లల మీద కూడా పళ్ళేల్లో అన్నం మిగిలే ఉంది. గేటు ఎదుట నూడుల్స్ బండివాడు నెలలోపే బండి ఇంకో కాలేజీకి మార్చేసుకున్నాడు. మా ప్రయోగానికి అదే మొదటి ప్రశంసాపత్రం.

ఏడాది తిరిగేసరికి పిల్లల రక్తపరీక్షలు మామూలుకొచ్చాయి. వినీల్ మేడమెట్లు పరుగున ఎక్కాడు. కింద మిషను ఆగలేదు. ఆ రిపోర్టు కాగితాన్ని వకుళ మేడం చాలాసేపు అలా పట్టుకుని ఉన్నారు. స్టేజీ మీద కుర్రాడి సంగతి ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

* * *

ఇంట్లో జరిగింది నాకు తర్వాత తెలిసింది.

అది చలికాలం. మా ఇంట్లో పెరుగు సరిగ్గా తోడుకోవడం లేదు. వినీల్ సెలవుకి ఇంటికొచ్చినప్పుడు మెస్ పెరుగు స్టీలు డబ్బాలో తెచ్చుకున్నాడు, రెండ్రోజులు మానేస్తే మళ్ళీ ఆకలి పెరుగుతుందేమోనని. వాడు తినగా డబ్బా అడుగున కాస్త మిగిలింది. అమ్మ డబ్బా కడగబోతూ ఆ పెరుగు చూసింది. రాయిలా ఉంది. ఏ తెలుగింటి ఆడమనిషైనా చేసే పనే చేసింది. చెంచాడు తీసి పాలల్లో వేసింది.

మర్నాడు పొద్దున గిన్నె బోర్లించినా పడనంత గడ్డగా తోడుకుంది. అమ్మ ఆ గిన్నెని గోడ దగ్గరికి తీసుకెళ్ళి పక్కింటి ఝాన్సీ పిన్నికి చూపించింది.

"ఎక్కడిదే సుగుణక్కా ఇది! నాక్కూడా చెంచాడు తోడు పెట్టు, మా ఇంట్లో మజ్జిగలాగా అవుతంది," అని పిన్ని గిన్నె చాపింది.

పిన్ని దగ్గర్నుంచి వెనకింటివాళ్ళు, వాళ్ళ దగ్గర్నుంచి వీధి చివర మేస్త్రిగారిల్లు. తోడు అడిగితే లేదనరు కదా మనవాళ్ళు. డబ్బు అప్పడిగితే మొహం తిప్పుకునేవాళ్ళు కూడా తోడు పెడతారు.

కొన్ని ఇళ్ళలో కొన్నాళ్ళకి పెరుగు పలచబడింది. అంటే మేడం పెట్టిన జాగ్రత్త సరిగ్గానే పనిచేసింది. కానీ పలచటి పెరుగు ఎవరికి కావాలి? పారబోసి, గడ్డగా తోడుకుంటున్న ఇంటికెళ్ళి మళ్ళీ చెంచాడు తెచ్చుకున్నారు. బలం తగ్గినవన్నీ అలా తూములోకి పోయాయి. ఏ ఒక్క గిన్నెలోనో బలం తగ్గడం మర్చిపోయిన జీవి మిగిలింది. వీధి వీధంతా దాన్నే ఏరి ఏరి ఇల్లిల్లూ పెంచింది.

ల్యాబ్‌లో మేం పదిమందిమి. అందరం పెరుగన్నం తినే పెరిగినవాళ్ళమే. పాలపొడి లెక్క వేశాం, ఫ్రిజ్ వేడి లెక్క వేశాం, గాలిలో పోతుందా నీళ్ళలో పోతుందా అని చూశాం. పక్కింటికి పోతుందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

* * *

వేసవి సెలవులకి ఇంటికెళ్ళాను. ముందుగదిలో కుట్టుమిషను పక్కన జాకెట్ల గుట్ట.

"ఏంటమ్మా, ఇంత గిరాకీ? పెళ్ళిళ్ళా?"

"కొత్తవి కాదే. లూజైపోయినయ్యంట, పక్కల కుట్లెయ్యమని అందరూ తెచ్చి పడేస్తన్నారు. మన వీధోళ్ళే."

నేను నవ్వబోయాను. అప్పుడే ఝాన్సీ పిన్ని ఇంకో మూడు జాకెట్లు పట్టుకుని లోపలికొచ్చింది. నన్ను చూసి చెయ్యి నడుముమీద పెట్టుకుని ఒక చుట్టు తిరిగింది.

"చూశావటే ఇందూ, మీ పిన్ని హీరోయిన్ అయిపోయింది. మా ఆయన కొత్త చీర కొంటానంటన్నాడు, ముప్పయ్యేళ్ళలో మొదటిసారి."

"ఏం చేశావు పిన్నీ?"

"ఏం చెయ్యలేదే. అసలు తినబుద్ధి కావట్లా. ఎండలు కదా." గొంతు తగ్గించింది. "మా అత్తగారు మాత్రం మరీ చిక్కిపోయింది. ముసలిది, ముద్ద పెడితే చాలంటది. ముద్ద నోటిదాకా కూడా పోకముందే చాలంటది."

ఆ మాట విన్నాక నా నవ్వు ఆగిపోయింది. అమ్మవైపు చూశాను. వచ్చిన దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాను, కానీ అప్పుడు చూశాను. అమ్మ ఎప్పుడూ సన్నటి మనిషే. వంటింట్లో అందరూ తిన్నాక గిన్నెల్లో మిగిలింది తిని, చివర పెరుగు గిన్నె ఊడ్చేసే మనిషి. ఇప్పుడు జాకెట్టు చేతి దగ్గర పిన్నీసు పెట్టుకుని ఉంది. వీధిలో అందరి జాకెట్లకీ కుట్లేసి, తనదానికి పిన్నీసు పెట్టుకుంది.

నా బ్యాగులో నీలి టార్చి ఉంది. వంటింటి కిటికీ మూసి, పెరుగు గిన్నె మూత తీసి టార్చి వేశాను.

మా ల్యాబ్‌లో ఎప్పుడూ అంత పచ్చగా వెలగలేదు.

ఆ మధ్యాహ్నం మా వీధి ఆడవాళ్ళు ఒక్కొక్కరే గిన్నెలు పట్టుకుని మా వంటింట్లోకి వచ్చారు. ఎందుకో సరిగ్గా తెలియకపోయినా, ఇందుజ ఏదో పరీక్ష చేస్తోందట అని వచ్చారు. చీకటి గదిలో ఒక్కో మూత తీస్తుంటే ఒక్కో గిన్నె పచ్చగా వెలిగింది. "అబ్బ, భలే ఉందే," అన్నారెవరో. మేస్త్రిగారి కోడలు చంటిపిల్లని చంకనేసుకుని వచ్చింది. పిల్ల ఏడవడం లేదు. చాలా బుద్ధిమంతురాలనీ, పాలకి కూడా ఏడవదనీ గొప్పగా చెప్పింది.

నేను టార్చి ఆర్పేశాను.

"ఎవరూ ఈ పెరుగు తినొద్దు," అన్నాను. "పారబొయ్యండి. గిన్నెలు మరగబెట్టండి. దీన్ని మళ్ళీ తోడెయ్యొద్దు."

ఎవరూ కదల్లేదు. పాలు పోసి చేసుకున్నది ఎందుకు పారబోస్తారు? చివరికి ఝాన్సీ పిన్ని అడిగింది: "ఏమైందే? విషమా?"

విషం కాదు. మంచిదే. ముందు మా ఇంటి గిన్నే ఎత్తి తూములో కుమ్మరించాను.

మర్నాడు మిషను మీద కూర్చున్నది కూర్చున్నట్టే అమ్మ ఒరిగిపోయింది.

* * *

ఆస్పత్రిలో డాక్టరమ్మ గుండె స్కానింగు చూస్తూ, "ఈవిడ ఏమన్నా డైటింగ్ చేస్తున్నారా?" అని అడిగింది. అంత నీరసంలోనూ అమ్మకి నవ్వొచ్చింది.

తిండి లేకపోతే ఒళ్ళు ముందు కొవ్వుని తింటుంది. అది లేకపోతే కండని. గుండె కూడా కండే. అమ్మ గుండె గోడలు పలచబడ్డాయి. పిల్లల గుండెల కోసం చేసింది వాళ్ళ గుండెల్ని కాపాడింది. అది వెళ్ళకూడని చోటికి వెళ్ళి ఒక గుండెని తినేసింది.

వకుళ మేడంకి ఫోన్‌లో చెప్పలేక ల్యాబ్‌కే వెళ్ళాను. ఆవిడ మైక్రోస్కోపు దగ్గరున్నారు.

"మేడం, అన్ని ఇళ్ళలోనూ పలచటి పెరుగు పారబోశారు. గడ్డగా ఉన్న ఇంటినుంచి తోడు తెచ్చుకున్నారు."

ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆవిడ మైక్రోస్కోపు లైటు ఆర్పేశారు.

"నేనూ తోడు కింద ఫ్లోర్‌వాళ్ళ దగ్గరే తెచ్చుకుంటాను కదా ఇందుజా," అన్నారు. "మొన్న కూడా తెచ్చుకున్నాను."

ఆరోజే మెస్ కౌంటరు మూయించారు. పైవాళ్ళకి తనే ఫోన్ చేసి చెప్పారు. కాలేజీవాళ్ళు కొన్నాళ్ళు ఆగుదాం, అడ్మిషన్ల సమయం అన్నారట. ఆవిడ ఆగలేదు. మా వీధికి తనే వచ్చి ఇంటింటికీ తిరిగి, తప్పు మాది అని చెప్పి మందులిచ్చారు. కొందరు మంచినీళ్ళిచ్చారు, కొందరు తిట్టారు. ఝాన్సీ పిన్ని రెండూ చేసింది.

అప్పటికే ఝాన్సీ పిన్ని అత్తగారు పోయింది. ముసలితనం అనుకున్నారు అందరూ. అది కాదని పిన్నికి మేడమే చెప్పారు.

మందు ఉంది. గట్టి యాంటీబయాటిక్ ఒక కోర్సు. దాంతో లోపలున్న జీవి చచ్చిపోతుంది. తర్వాత ఆకలి కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు. రోజూ చాలు చాలు అని వినీ వినీ మెదడు ఆ వైపు చెవి పెట్టడం మానేస్తుందేమోనని మేడం ఊహ. మేస్త్రిగారి మనవరాలు మందు పడ్డ వారానికే పాలకోసం వీధంతా వినపడేలా ఏడ్చింది. ఆ ఏడుపు విని వాళ్ళ అమ్మ కూడా ఏడ్చింది.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఇళ్ళల్లో తోడు మారి మారి బలపడ్డ ఈ రకం వారంలో పోయేది కాదు. ఒంట్లోనే కాపురం పెడుతుంది. చేతుల మీదుగా, కలిపిన ముద్దల మీదుగా ఒకే ఇంట్లో ఒకరినుంచి ఒకరికి పోతుంది. ఇంట్లో అందరూ ఒకేసారి మందు వేసుకోవాలి. ఒక్కరు మానినా మిగతావాళ్ళకి మళ్ళీ వస్తుంది.

అందరూ అంటే వినీల్ కూడా.

* * *

అమ్మ మాత్రలు కొంగున కట్టుకుంది గానీ వేసుకోలేదు.

"నువ్వు వేసుకోవే. నాకెందుకు? నేనెప్పుడు పెద్దగా తిన్నాను గనక?"

"అమ్మా, నీ గుండె—"

"నా గుండెకేం. యాభై వచ్చినయ్. వాడికి ఇరవై రాలేదు." గొంతు బాగా తగ్గించింది, వినీల్ పక్కగదిలో ఉన్నాడని. "ఇది వాడి ఒంట్లోంచి పోతే మళ్ళీ మొదటికొచ్చిద్ది. మళ్ళీ ఆయాసం, మళ్ళీ ఆ కొవ్వు. మీ నాన్నని కొట్లోంచి ఎట్లా తెచ్చారో నువ్వు చూళ్ళేదు. స్కూల్లో ఉన్నావు. నేను చూశా. పూటకో ముద్ద తక్కువ తింటే నా కొడుకు బతుకుతాడంటే నాకంతకంటే ఏం కావాలే?"

"అది ముద్ద తక్కువ తినడం కాదమ్మా. నువ్వు అసలు తినట్లేదు."

"బలవంతాన తింటాలే. నువ్వు కూర్చోబెట్టి తినిపించు. చిన్నప్పుడు నేను నీకు పెట్టలా?"

మందు వేసుకోవద్దని వినీల్‌కి ఎలా చెప్పను? వేసుకోమని ఎలా చెప్పను? ల్యాబ్‌లో వాడి రక్తపరీక్ష చూసి ఎగిరి గంతేసినదాన్ని నేనే.

వినీల్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచో తెలియదు. చేతిలో మంచినీళ్ళ గ్లాసు.

"అమ్మా, ఒకటి ఆలోచించావా?" అన్నాడు. "నువ్వు పోతే పెద్దకర్మకి గారెలు వండిస్తారు. బూరెలు వండిస్తారు. కొడుకుని కాబట్టి నేనే ముందు కూర్చుని తినాలి. అయ్యన్నీ నూనెలో వేపినయ్యే. నా కొలెస్ట్రాల్ సంగతేంటి?"

"నోర్ముయ్యరా ఎదవా," అని అమ్మ చెయ్యెత్తింది. చెయ్యి అంత పైకి లేవలేదు.

వాడు వచ్చి ఆ చేతిని పట్టుకుని పక్కన కూర్చున్నాడు. ఇంక జోకు లేదు.

"నేను లావుగా ఉంటే మా క్లాసులో పిల్లలు నవ్వుతారు. సన్నబడ్డాక ఒక పిల్ల నాతో మాట్లాడింది. పేరు అడక్కు. నాకిది పోవాలని లేదమ్మా, నిజం చెప్తన్నా. కానీ పొద్దున లేచిన దగ్గర్నుంచి నీ ఒంట్లోది కొంచెం కొంచెం నేనే తింటన్నట్టుంది. నా వల్ల కాదు."

అని, తన మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు. అమ్మ అయ్యో అంది. అడ్డం పడే ఓపిక లేదు.

"ఇప్పుడు నువ్వు వేసుకోకపోతే నీ నుంచి నాకు మళ్ళీ వచ్చిద్ది. నేను మళ్ళీ వేసుకుంటా. మళ్ళీ వచ్చిద్ది, మళ్ళీ వేసుకుంటా. ఆ మాత్రలకి నోరంతా పుండయిద్దంట. నీ ఇష్టం."

అమ్మ కొంగుముడి విప్పింది.

* * *

వినీల్‌కి అందరికంటే ముందు ఆకలి తిరిగొచ్చింది. ఒక పొద్దున ఇడ్లీల ముందు కూర్చుని, తింటూనే కళ్ళు తుడుచుకున్నాడు. సంతోషమో భయమో నేను అడగలేదు. తగ్గిన బరువులో సగం మళ్ళీ వచ్చింది. రోజూ కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటున్నాడు. వేపుళ్ళు మానేశాడని చెప్తాడు. చొక్కా జేబు దగ్గర నూనె మరక వేరే చెప్తుంది. అయినా తంటాలు పడుతున్నాడు. ఆ పిల్ల ఇంకా మాట్లాడుతోందట.

అమ్మకి నెలలు పట్టింది. సంక్రాంతికి వచ్చి ఆ పెరుగే తిన్న నాకైతే ఇంకా రానేలేదు. ఫోన్ మోగితే నేను తింటాను, నేను తింటే అమ్మ తినాలి, అదీ మా ఒప్పందం. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని మందు మింగినట్టు అన్నం మింగేవాళ్ళం. ఒకరోజు నేను స్టౌ దగ్గర ఉప్మా కలుపుతున్నాను. ముందుగదిలోంచి చిరాకు గొంతు:

"ఏమే, ఇంకా కాలేదా? ఎంతసేపు చేస్తావు? కడుపు కాలిపోతంది ఇక్కడ."

గరిటె పట్టుకునే పరిగెత్తాను. వినీల్ బాత్‌రూమ్‌లోంచి సబ్బు నురగతోనే బయటికొచ్చాడు. ఇద్దరం అమ్మ ముందు నిలబడిపోయాం. ఉప్మా మాడిపోయింది. అమ్మ ఆ మాడుతో సహా తిని, ఉప్పు తక్కువైందని తిట్టింది.

గుండె మాత్రం మునుపటిలా కాలేదు. ఇక కాదని డాక్టరమ్మ చెప్పింది. పొద్దున్నే వినీల్ అమ్మని కాలవగట్టు మీద నడిపిస్తాడు. అమ్మ నాలుగడుగులేసి ఆగుతుంది, వాడూ ఆగుతాడు. ఆ నడక వాడికేమీ సరిపోదు. అందుకని అమ్మని ఇంట్లో దింపి, మళ్ళీ అదే గట్టు మీదికి ఒక్కడే వెళ్ళి చెమటలు కారేదాకా నడిచొస్తాడు.

వకుళ మేడం ఉద్యోగం పోయింది. ఇప్పుడు మేమిద్దరం టార్చీలు పట్టుకుని ఊళ్ళు తిరుగుతున్నాం. మా వీధి మేస్త్రిగారి వియ్యంకులు ఆ తోడు ఖమ్మం తీసుకెళ్ళారు. ఝాన్సీ పిన్ని చెల్లెలు చిన్న డబ్బాలో నెల్లూరు పట్టుకెళ్ళింది. అక్కడినుంచి ఎవరెవరికి పోయిందో వాళ్ళకే గుర్తులేదు. తోడు పెట్టడం ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను. ఈ మధ్య మీ ఇంట్లో పెరుగు ఉన్నట్టుండి రాయిలా తోడుకోవడం మొదలైందా? ఇంట్లో ముసలివాళ్ళు రెండు ముద్దలకే చాలంటున్నారా? చంటిపిల్ల పాలకి ఏడవడం లేదా? జాకెట్లు వదులవుతున్నాయా? మీకు జరిగింది జరిగినట్టు నాకు రాయండి. మీ తోడు ఎవరి దగ్గర తెచ్చుకున్నారో, మీరు ఎవరికి పెట్టారో అదీ రాయండి. పేర్లు చెప్పడానికి మొహమాటపడకండి. ఎవరినీ తప్పు పట్టడానికి కాదు. మీకు పెట్టినవాళ్ళు మంచి మనసుతోనే పెట్టి ఉంటారు. మీరూ అలాగే పెట్టి ఉంటారు.